‘సైకాలజీ’ శబ్ద నిరుక్తి: ప్రాణం, మనస్సు, ఆత్మ



ఇంగ్లీషు నుండి వచ్చి తెలుగువారి నోట స్థిరపడిన శబ్దాలలో ‘సైకాలజీ’ ఒకటి. కళాశాలలో అది ఒక పాఠ్యవిషయం. వైద్యశాల గుమ్మం మీద అది ఒక విభాగం పేరు. వీధిలోకి వచ్చేసరికి అది సగానికి తెగి ‘సైకో’ అయి తిట్టుగా మారింది. ఎవరి ప్రవర్తన కాస్త వింతగా తోచినా ఆ మాటతో కొట్టిపారవేయడం, చలనచిత్రాలలో హంతకుని పాత్రకు ఆ పేరు పెట్టడం నేడు సర్వసాధారణం. ఆ తిట్టుకు మూలమైన గ్రీకు శబ్దానికి తొలి అర్థం ఊపిరి, మలి అర్థం జీవుడు. ప్రాణవాచకమైన ఒక శబ్దం నిందావాచకంగా పరిణమించడం విచారింపదగిన విషయం. ఆ శబ్దం నడిచివచ్చిన దారిని పరిశీలిస్తే ఆత్మకూ మనస్సుకూ గల భేదం స్పష్టమవుతుంది. ఆ భేదం తెలియకపోవడం వల్ల కొన్ని ఇండ్లలో మనోవ్యాధిగ్రస్తులు చికిత్సకు దూరమవుతున్నారు. కనుక ఈ విచారణ కేవలం పదవినోదం కోసం కాదు.

శబ్దమూలాన్ని వెదకడం వైదిక సంప్రదాయానికి కొత్త కాదు. వేదాంగాలు ఆరింటిలో నిరుక్తం ఒకటి. వేదపురుషునికి అది శ్రోత్రస్థానీయమని పెద్దలు చెప్పారు. యాస్కమహర్షి పదాలను నామ, ఆఖ్యాత, ఉపసర్గ, నిపాతాలుగా విభజించి, నామాలన్నీ ధాతువుల నుండి పుట్టినవే అనే శాకటాయనుని మతాన్ని సమర్థించాడు. అన్ని నామాలూ అట్లా పుట్టినవి కావనే గార్గ్యుని ఆక్షేపాన్ని కూడా దాచకుండా చర్చించాడు. పేరు వెనుక ఒక క్రియ ఉంటుంది, ఆ క్రియ తెలిస్తే వస్తువు స్వభావం తెలుస్తుంది అనేది నైరుక్తుల దృష్టి. ఆ దృష్టితోనే పరదేశపు శబ్దాన్ని కూడా పరిశీలించవచ్చు.

‘సైకాలజీ’లో రెండు భాగాలున్నాయి. మొదటిది గ్రీకులు ‘ప్సూఖే’ అని పలికిన శబ్దం, రెండవది ‘లోగోస్’. గ్రీకు పదాదిలోని పకారం ఇంగ్లీషు వ్రాతలో నేటికీ నిలిచి ఉంది, కాని పలుకులో లోపించింది. అచ్చు మారింది, ఖకారం కకారమైంది. అట్లా ‘ప్సూఖే’ ‘సైకీ’ అయింది.

‘ప్సూఖే’కు మూలం ఊదడం, శ్వాసించడం అనే అర్థం గల క్రియ. ఊదితే వేడివస్తువు చల్లారుతుంది కనుక చల్లదనాన్ని తెలిపే గ్రీకు పదాలు కూడా ఆ క్రియకు చెందినవే. హోమరు కావ్యాలలో బ్రతికి ఉన్న మనిషి విషయంలో ఈ శబ్దం అంతగా వినిపించదు. యోధుడు నేలకూలినప్పుడు అతని నోటి నుండో గాయం నుండో వెలువడి పితృలోకం వంటి హేడీసుకు పోయేది ప్సూఖే. ‘ఇలియడ్’ ఆరంభంలోనే వీరుల ప్సూఖేలు హేడీసుకు పోయాయనీ, ‘వారు’ మాత్రం కుక్కలకూ పక్షులకూ ఆహారమయ్యారనీ కవి అంటాడు. ఇక్కడ ‘వారు’ అంటే దేహాలు. అంటే ఆ కాలపు గ్రీకువానికి ‘నేను’ అంటే దేహమే. విడిపోయే ఊపిరి ఒక నీడ మాత్రమే. ‘ఒడిస్సీ’ పదకొండవ సర్గలో ఒడిస్సియస్ తన తల్లి ప్సూఖేను మూడుసార్లు కౌగిలించుకోబోతే మూడుసార్లూ అది నీడవలె చేతుల నుండి జారిపోతుంది.

జీవించి ఉన్నవాని కోపం, ధైర్యం, ఉద్వేగం మొదలైనవాటికి హోమరు వాడినది ‘థూమోస్’ అనే వేరొక శబ్దం. దాని స్థానం వక్షస్థలం. ఈ థూమోస్, లాటిన్‌లో పొగను తెలిపే ‘ఫూముస్’, సంస్కృత ‘ధూమ’ శబ్దం ఏకమూలకాలని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. కోపం వచ్చినప్పుడు గుండెలో పొగ లేచిందని చెప్పుకొనేవారికి ఈ బంధుత్వం ఆశ్చర్యం కలిగించదు.

ప్సూఖే అనే మాటకు గ్రీకులో సీతాకోకచిలుక అనే అర్థం కూడా ఉంది. అరిస్టాటిల్ జంతువులను గురించి వ్రాసిన గ్రంథంలో ఆ అర్థంలోనే దానిని వాడాడు. గూడు విడిచి రెక్కలతో వెలువడే కీటకంలో గ్రీకులు జీవుని చూశారు. బృహదారణ్యకం దేహాంతరప్రాప్తికి గడ్డిపోచ కొసను చేరి, మరొక పోచను పట్టుకొన్న తరువాతనే తొలి పోచను విడిచే పురుగును దృష్టాంతంగా చెప్పింది. రెండు దేశాలవారూ చిన్న పురుగునే ఉపమానంగా తీసికొన్నారు. అయితే గ్రీకు ఉపమానంలో ప్రధానం విడుదల, ఔపనిషద దృష్టాంతంలో ప్రధానం కర్మబద్ధమైన కొనసాగింపు.

ఇక ‘లోగోస్’. ఏరడం, కూర్చడం, లెక్కించడం, పలకడం అనే అర్థాలు గల క్రియ నుండి ఇది పుట్టింది. అదే మూలానికి చెందిన లాటిన్ క్రియకు ఏరడం, చదవడం అనే అర్థాలున్నాయి. అక్షరాలను ఏరి కూర్చడమే కదా చదవడం! లోగోస్ అంటే వాక్కు, హేతువు, వ్యవస్థ, లెక్క అన్నీ. ఎంత దూరం నడిచినా ఆత్మకు ఎల్లలు దొరకవనే భావాన్ని హెరాక్లీటస్ చెప్పినప్పుడు ప్సూఖే, లోగోస్ శబ్దాలను రెండింటినీ ఒకే వాక్యంలో వాడాడు. కాని వాటిని ఒక సమాసంగా కలిపి శాస్త్రనామంగా వాడినవారు ప్రాచీన గ్రీకులు కారు. ఆ కలయిక జరగడానికి సుమారు రెండువేల సంవత్సరాలు పట్టింది.

మధ్యకాలంలో ఈ విద్య లాటిన్ భాషలోకి వెళ్లింది. అక్కడ ప్సూఖేకు సమానార్థకంగా నిలిచిన శబ్దం ‘అనిమా’. దానికి తోడుగా ‘అనిముస్’ అనే మరొక శబ్దం ఉంది. మొదటిది ప్రాణశక్తి, రెండవది సంకల్పించి యోచించే చిత్తం. లుక్రేషియస్ కవి తన తాత్త్వికకావ్యపు మూడవ భాగంలో ఈ రెండింటినీ విడదీసి విచారించాడు. గ్రీకులో గాలిని తెలిపే ‘అనెమోస్’ వీటికి చుట్టం.

ఇక్కడికి వచ్చేసరికి సంస్కృతం చదివినవారికి చిరపరిచితమైన ధ్వని వినిపిస్తుంది. ధాతుపాఠంలో ప్రాణనార్థకమైన ‘అన్’ ధాతువు ఉంది. ప్ర, అప, వి, ఉత్, సమ్ అనే ఉపసర్గల సాహాయ్యంతో ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమాన శబ్దాలు ఐదూ దాని నుండే ఏర్పడ్డాయి. వాయువాచకమైన ‘అనిల’ శబ్దమూ దానిదే. లాటిన్ అనిమా, గ్రీకు అనెమోస్, సంస్కృత ప్రాణ శబ్దాలు ఒకే మూలం నుండి చీలిన శాఖలు. అనిమా కలది ‘అనిమల్’, ప్రాణం కలది ‘ప్రాణి’. ఇంగ్లీషులో జంతువుకు, తెలుగులో జీవికి ఉన్న పేర్లు ఒకే తీరున నిర్మితమైనవని చాలామంది గమనింపరు.

మనశ్శబ్దం కథ కూడా ఇటువంటిదే. జ్ఞానార్థకమైన ‘మన్’ ధాతువు నుండి పుట్టిన సంస్కృత ‘మనస్’, లాటిన్ ‘మెన్స్’, ఇంగ్లీషు ‘మైండ్’ తోబుట్టువులు. మెన్స్ నుండి వచ్చినదే ‘మెంటల్’ అనే విశేషణం. దానిని కూడా తెలుగు వీధి తిట్టుగానే స్వీకరించింది. ప్రాణవాచకం ‘సైకో’గానూ, మనోవాచకం ‘మెంటల్’గానూ నిందలయ్యాయి. జర్మన్ భాషలో ఊపిరిని తెలిపే ‘ఆటెమ్’ శబ్దాన్ని సంస్కృత ‘ఆత్మన్’ శబ్దంతో భాషాశాస్త్రజ్ఞులు జతచేస్తారు. సంప్రదాయంలో మాత్రం ఆత్మశబ్దానికి నిరంతరగమనార్థకమైన ‘అత్’ ధాతువు నుండి, వ్యాప్త్యర్థకమైన ‘ఆప్’ ధాతువు నుండి వ్యుత్పత్తులు చెప్పబడ్డాయి. ఒకటి చారిత్రకమైన విచారణ, మరొకటి అర్థప్రధానమైన నిర్వచనం. రెండింటి ప్రయోజనాలు వేరు కనుక వాటికి వివాదం కల్పించనవసరం లేదు.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక అవసరం. ఇట్టి సామ్యాలు కనబడగానే గ్రీకు, లాటిన్ భాషలు సంస్కృతపుత్రికలనే ప్రకటనలు ఉత్సాహవంతుల నోట వెలువడుతుంటాయి. 1786లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ చేసిన ప్రసంగం నాటి నుండి విద్వాంసులు చెబుతున్నది అది కాదు. ఈ మూడూ బహుశః నేడు లుప్తమైన ఒక సామాన్యమూలం నుండి వచ్చాయన్నది వారి సిద్ధాంతం. అక్కచెల్లెళ్ల పోలికను తల్లీకూతుళ్ల సంబంధంగా చెప్పడం వల్ల సంస్కృతానికి గౌరవం పెరగదు. పైగా ప్సూఖే శబ్దానికి ప్రాణశబ్దంతో ధాతుసంబంధం లేదు. అర్థసామ్యం మాత్రమే ఉంది. ధ్వని కలిసినంత మాత్రాన బంధుత్వం లేదు, ధ్వని కలవనంత మాత్రాన భావైక్యం పోదు.

భావం ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది అనేది రెండు రథాల ఉపమానంలో స్పష్టంగా కనబడుతుంది. ప్లేటో తన ‘ఫీడ్రస్’ సంభాషణలో ప్సూఖేను రెక్కలగుర్రాలు పూన్చిన రథంతోను, దాని సారథితోను పోల్చాడు. మానవుని విషయంలో ఒక గుర్రం సాధువు, మరొకటి దుష్టం. వివేకం సారథి. గుర్రాలూ సారథీ కలిసిన సమష్టిశక్తియే అక్కడ ప్సూఖే. కఠోపనిషత్తు మొదటి అధ్యాయం మూడవ వల్లిలో యమధర్మరాజు నచికేతునికి చెప్పిన రథంలో శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు అవి నడిచే దారులు, మనస్సు కళ్లెం, బుద్ధి సారథి. ఆత్మ ఆ రథంలో కూర్చున్న రథికుడు.

రెండింటిలోనూ సారథి ఉన్నాడు. అదుపు తప్పే గుర్రాలున్నాయి. పడిపోయే ప్రమాదం ఉంది. కాని రథికుని ప్రత్యేక స్థానం కఠోపనిషత్తులోనే ఉంది. గ్రీకు ఉపమానంలో తోలేవానికి, తోలబడే గుర్రాలకు అతీతంగా మరొకరు చెప్పబడలేదు. బుద్ధి కూడా సేవకుడే, యజమాని వేరు అని చెప్పడం ఔపనిషద దర్శనపు విశేషం. ఈ భేదం గుర్తుంచుకొంటే తరువాతి చరిత్ర సులభంగా అర్థమవుతుంది.

ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ ప్సూఖేను గురించి మూడు భాగాల గ్రంథం వ్రాశాడు. లాటిన్ అనువాదంలో దాని పేరు ‘దే అనిమా’. కంటికి చూపు ఎట్టిదో జీవదేహానికి ప్సూఖే అట్టిదని అతని మతం. ఆహారం గ్రహించి పెరగడం వృక్షాలకు, ఇంద్రియానుభవం జంతువులకు, విచారశక్తి మానవులకు చెందుతుందని మూడు అంతస్తులు చూపాడు. అతని దృష్టిలో చెట్టుకూ ప్సూఖే ఉంది. ఆ గ్రంథాన్ని తరతరాల క్రైస్తవ, అరబ్బు పండితులు వ్యాఖ్యానించారు.

పదహారవ శతాబ్దంలో గాని ఆ విద్యకు గ్రీకు సమాసంతో పేరు ఏర్పడలేదు. నేటి క్రొయేషియాలోని స్ప్లిట్ నగరానికి చెందిన మార్కో మరూలిచ్ అనే కవి మానవాత్మను గురించి లాటిన్‌లో వ్రాసిన ఒక గ్రంథపు శీర్షికలో ఈ శబ్దం ఉన్నదని అతని రచనల పట్టిక వల్ల తెలుస్తుంది. గ్రంథం మాత్రం లభింపలేదు. 1590లో జర్మనీలోని మార్బుర్గులో రుడాల్ఫ్ గోక్లేనియస్ ‘సైకలోజియా’ పేరుతో ఒక సంకలనాన్ని ప్రకటించాడు. అందులోని ముఖ్యవివాదం ఏమిటంటే, శిశువులోని జీవుడు తల్లిదండ్రుల నుండి సంక్రమిస్తాడా, లేక ఈశ్వరుడు ప్రతిసారీ కొత్తగా సృష్టిస్తాడా అని. అంటే సైకాలజీ పేరుతో వెలువడిన తొలి గ్రంథాలు మనస్తత్వాన్ని గురించి గాక జీవోత్పత్తిని గురించి విచారించాయి. జీవుడు అనాది అని నమ్మేవారికి ఆ రెండు పక్షాలూ అంగీకారయోగ్యాలు కావు. కాని వారి ప్రశ్న మాత్రం వేదాంతశ్రవణం చేసినవారికి సుపరిచితమే.

క్రిస్టియన్ వోల్ఫ్ 1732లో అనుభవసిద్ధమైన సైకాలజీని, 1734లో యుక్తిసిద్ధమైన సైకాలజీని వేరువేరు గ్రంథాలుగా వ్రాశాడు. ఇది పెద్ద మలుపు. మనోవ్యాపారాలను పరిశీలించి చెప్పడం ఒకటి, ఆత్మస్వరూపాన్ని తర్కంతో నిరూపించడం మరొకటి అని తేలింది. 1749లో డేవిడ్ హార్ట్లీ గ్రంథం ద్వారా ఇంగ్లీషులో ఈ శబ్దం మనోవిషయకమైన శాస్త్రంగా ప్రచారం పొందింది. 1781లో కాంట్ తన శుద్ధబుద్ధివిమర్శలో, శుష్కతర్కం ఆత్మను ద్రవ్యంగా సాధింపజాలదని చూపాడు. తర్కానికి ప్రతిష్ఠ లేదని బ్రహ్మసూత్రాలు చెప్పిన మాటను ఎరిగినవారికి ఇందులో కలవరపడవలసినది లేదు. యుక్తిమాత్రంతో ఆత్మ సిద్ధింపదన్నది సంప్రదాయానికి సమ్మతమే. అందుకే శ్రుతి, అనుభవం అవసరమయ్యాయి.

1879లో లైప్జిగు నగరంలో విల్హెల్మ్ వూంట్ ప్రయోగశాల నెలకొల్పాడు. ఉత్తేజానికీ ప్రతిస్పందనకూ మధ్య గడిచే కాలాన్ని అక్కడ యంత్రాలతో కొలిచారు. అంతకుముందే లాంగే అనే జర్మన్ తాత్త్వికుడు ఆత్మ అనే భావన లేని సైకాలజీని ప్రతిపాదించాడు. 1890లో అమెరికాలో విలియం జేమ్స్ తన బృహద్గ్రంథంలో, ఆత్మద్రవ్యాన్ని అంగీకరింపకుండానే ఈ శాస్త్రం నడుస్తుందని నిర్ణయించాడు. 1913లో వాట్సన్ మరొక అడుగు వేసి, మనస్సు అనే మాట కూడా అక్కరలేదు, బయటికి కనబడే ప్రవర్తన చాలునన్నాడు. ఊపిరితో మొదలై, జీవుని చెప్పి, మనస్సును చెప్పి, చివరకు నడవడికను మాత్రమే చెప్పే స్థితికి ఆ శబ్దం చేరింది. తరువాతి తరాలవారు మనస్సును తిరిగి పీఠమెక్కించారు. ప్సూఖే అనే పేరు శాస్త్రం నుదుట నిలిచి ఉన్నా, ఆ పేరు చెప్పే వస్తువు మాత్రం శాస్త్రానికి విషయం కాకుండా పోయింది.

జేమ్స్ నాస్తికుడు కాడు. 1902లో వెలువడిన అతని మతానుభవ గ్రంథంలో వివేకానందస్వామి ‘రాజయోగం’ ప్రసక్తి ఉంది. శాస్త్రం చేతికి అందనిదాన్ని లేదని అనకుండా పక్కన ఉంచడం అతని పద్ధతి.

భారతదేశంలో 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో, హార్వర్డులో చదివి వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో ఈ శాస్త్రానికి ప్రత్యేకవిభాగం ఏర్పడింది. తెలుగునాట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య కోనేరు రామకృష్ణారావు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు అనుభవంతో సైకాలజీ, పారాసైకాలజీ విభాగాన్ని నెలకొల్పి, యోగ వేదాంతాలలోని చైతన్యవిచారాన్ని ఈ శాస్త్రంతో అనుసంధించడానికి జీవితకాలం కృషిచేశారు.

ఈ శాస్త్రానికి తెలుగులో ‘మనస్తత్వశాస్త్రం’, ‘మనోవిజ్ఞానశాస్త్రం’ అనే పేర్లు స్థిరపడ్డాయి. ప్సూఖేకు మనస్సు అని అనువాదం చేయడం తప్పని కొందరు అంటారు. శబ్దాన్ని బట్టి చూస్తే వారి మాట నిజం. ‘జీవశాస్త్రం’ అన్న పేరు దానికే చెందవలసింది, కాని అది వేరొక శాస్త్రానికి పోయింది. వస్తువును బట్టి చూస్తే తెలుగు పేరే యథార్థం. ఆ శాస్త్రం ఇప్పుడు పరిశీలించేది మనస్సునే కనుక, ఇంగ్లీషు పేరు కన్నా తెలుగు పేరు సత్యానికి సమీపంగా ఉంది.

ఈ యథార్థత వెనుక దర్శనాల బలం ఉంది. వైశేషికులు పృథివి మొదలుకొని తొమ్మిది ద్రవ్యాలు చెప్పినప్పుడు ఆత్మను ఎనిమిదవదిగా, మనస్సును తొమ్మిదవదిగా వేరువేరుగా లెక్కించారు. సాంఖ్యులు మనస్సును ప్రకృతివికారంగా, పదకొండవ ఇంద్రియంగా చెప్పారు. అద్వైతులు మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం నాలుగింటినీ అంతఃకరణమన్నారు. కరణమంటే పనిముట్టు. ఇతర సిద్ధాంతాలలో ఎంత భేదమున్నా, మనస్సు ఆత్మ కాదనే విషయంలో ఈ దర్శనాలన్నీ ఏకకంఠంగా ఉన్నాయి.

ఛాందోగ్యం మరొక అడుగు ముందుకు వేసింది. మనస్సు అన్నమయమని ఉద్దాలకుడు కుమారునికి ఉపదేశించాడు. మాటతో సరిపెట్టక పరీక్ష కూడా పెట్టాడు. శ్వేతకేతువు పదిహేను దినాలు నీరు మాత్రం త్రాగి ఉపవసించాడు. తరువాత ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటే ఒక్కటీ స్ఫురించలేదు. అన్నం తిన్న తరువాత అన్నీ స్ఫురించాయి. పన్నెండేళ్లు గురుకులంలో అభ్యసించిన వేదం పదిహేను దినాల ఉపవాసంతో మరుగునపడింది. తిరిగి అన్నంతోనే వచ్చింది. మనస్సు దేహంతో ముడిపడిన వస్తువు అనడానికి ఇంతకంటె స్పష్టమైన వైదికప్రమాణం అక్కరలేదు.

ఈ ఉపాఖ్యానాన్ని ప్రతి సంవత్సరం పాఠం చెప్పే ఒక వేదపాఠశాలలో పదహారేళ్ల విద్యార్థి ఒకడు క్రమంగా నిద్ర మానివేశాడు. పిమ్మట ఆహారం తగ్గించాడు. పనస చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు. స్వరం తప్పని వానికి వర్ణాలే తప్పసాగాయి. మొదట అశ్రద్ధ అన్నారు. తరువాత దృష్టిదోషం అన్నారు. రక్షలు కట్టారు, హోమం చేశారు. ఒకనాటి తెల్లవారుజామున బావిగట్టు మీద ఒంటరిగా కూర్చొని ఉన్న ఆ పిల్లవానిని సహాధ్యాయులు చూసి లోపలికి తీసికొనివచ్చారు. ఆ ఉదయమే ఆచార్యులు వాని తండ్రిని పిలిపించి పట్టణంలోని మానసికవైద్యుని వద్దకు తీసికొనిపొమ్మన్నారు.

తండ్రి తల వంచుకొని, “గాయత్రి జపించే పిల్లవాడు, పిచ్చివైద్యుని దగ్గరకు ఎట్లా పంపేదండీ? నలుగురూ ఏమంటారు?” అన్నాడు. ఆచార్యులు, “నిరుడు మీ వాడికి టైఫాయిడ్ వస్తే మందు వేయించామా లేదా? అప్పుడు గాయత్రికి లోపం వచ్చిందా? దేహానికి వైద్యం చేయించిన చేత్తోనే దీనికీ చేయించండి. మనస్సు కూడా అన్నంతో తయారైనదేనని మీ వాడే నాకు పాఠం అప్పగించాడు” అన్నారు. చాలా నెలలు మందు సాగింది. పిల్లవాడు పాఠశాలకు తిరిగి వచ్చాడు. మునుపటి వేగం రాలేదు. తోటివారికంటె ఏడాది వెనుకబడ్డాడు. కాని నిద్రపోతున్నాడు, తింటున్నాడు, సంథ చెప్పుకొంటున్నాడు.

మనస్సే ఆత్మ అని పొరబడినవారికి మనోవ్యాధి ఆత్మకే కలిగిన కళంకంగా కనబడుతుంది. అది పాపఫలమనీ, భక్తిలోపమనీ, బయటికి చెప్పరానిదనీ తోస్తుంది. రోగిని దాచడం అక్కడే మొదలవుతుంది. హైదరాబాదులోని మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ పేరే ఎగతాళిమాటగా మారిపోయిన సమాజంలో ఏ తల్లి తన బిడ్డను ధైర్యంగా అక్కడికి తీసికొనివెళ్లగలదు? మనస్సు పనిముట్టు అని తెలిసినవానికి ఈ సిగ్గు ఉండదు. కళ్లెం తెగితే బాగుచేయించుకొంటారు. రథికునికి అందువల్ల అపకీర్తి రాదు.

కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధి వంటి క్షేత్రాలకు మనోవ్యాధిగ్రస్తులను తీసికొనివచ్చి, కొన్ని దినాలు స్వామిసేవలో ఉంచే ఆచారం ఉంది. ఆ విశ్వాసం గౌరవింపదగినది. ప్రాతఃస్నానం, ప్రదక్షిణ, నియతాహారం, నామస్మరణ మనస్సుకు ఆలంబనమిస్తాయి. అయితే విశ్వాసం ఔషధానికి శత్రువు కారాదు. చరకసంహిత సూత్రస్థానం చికిత్సను మూడు విధాలుగా విభజించింది. మంత్రం, హోమం, మంగళాచరణం మొదలైనవి దైవవ్యపాశ్రయం. ఆహారౌషధయోజన యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుండి మనస్సును మరలించడం సత్త్వావజయం. ఒకటి చేస్తే మిగిలిన రెండూ నిషిద్ధమని ఆచార్యుడు ఎక్కడా చెప్పలేదు. ఉన్మాదనిదానంలో ఆగంతుకమైన ఉన్మాదాన్ని వర్ణిస్తూనే, దానికి దేవతలను, పితరులను, రాక్షసులను నిందించవద్దని, మూలం ప్రజ్ఞాపరాధమని చెప్పాడు. ప్రజ్ఞాపరాధమంటే బుద్ధి, ధైర్యం, స్మృతి అనేవి తప్పిన స్థితి. అది కారణనిర్దేశం మాత్రమే. రోగిని దూషించడానికి దానిని ఆయుధంగా చేసికొనరాదు.

విశ్వాసం పేరుతో నిర్బంధం చేస్తే ఏమవుతుందో దేశం చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోసం తీసికొనివచ్చి గొలుసులతో కట్టివేయబడిన రోగులు అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక 28 మంది మరణించారు. వారిని తెచ్చినవారు ప్రేమలేనివారు కారు. ఏమిచేయాలో తెలియనివారు. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టం రోగులను ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదని శాసించింది. ఆత్మహత్యకు యత్నించినవారిని అపరాధులుగా గాక తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవారిగా భావించాలని చెప్పింది. పూర్వపు 1912 నాటి చట్టం పేరులోని ఇంగ్లీషు శబ్దం లాటిన్ చంద్రవాచకం నుండి పుట్టింది. చంద్రకళలను బట్టి మతి తప్పుతుందని రోమనుల నమ్మకం. పురుషసూక్తం చంద్రుని విరాట్పురుషుని మనస్సు నుండి పుట్టినవానిగా కీర్తించింది. ఒకే చంద్రుడు ఒకచోట ఉన్మాదానికి, మరొకచోట మనస్సుకు సంబంధించాడు. క్షీణించిన చంద్రుడు మళ్లీ పూర్ణుడౌతాడనే ఆశ మాత్రం రోగికి ఈ రెండవ భావన నుండే లభిస్తుంది.

మానసికవైద్యానికి ‘సైకియాట్రీ’ అనే పేరు పుట్టడానికి కారకుడు జర్మన్ వైద్యుడు రైల్. 1808లో ప్సూఖేకు, గ్రీకులో వైద్యాన్ని తెలిపే శబ్దాన్ని జోడించి దానిని కల్పించాడు. శబ్దార్థం ప్రకారం అది ఆత్మకు వైద్యం. వేదాంతదృష్టిలో ఆత్మకు వైద్యమనే మాటకు అవకాశం లేదు. అది నిర్వికారం, నిరామయం. వికారం పొందేది అంతఃకరణం, వైద్యం అవసరమైనది దానికే. ఇట్లా చూస్తే వైద్యునికీ దేశికునికీ వారి వారి అధికారం స్పష్టమవుతుంది. కళ్లేన్ని బాగుచేసేవాడు వైద్యుడు. రథికుడెవరో చూపేవాడు గురువు. నిద్రపట్టని రోగికి నిర్వికల్పసమాధిని ఉపదేశించడం ఎంత అసంగతమో, ‘నేనెవరు’ అని అడిగే ముముక్షువుకు మాత్ర ఇచ్చి పంపడం అంతే అసంగతం. శ్రవణమనననిదిధ్యాసనాలకు స్థిమితమైన మనస్సే సాధనం. ఆ సాధనం చెడినప్పుడు దానిని బాగుచేయించుకోవడం కూడా సాధనలో భాగమే.

ఇక శాస్త్రం విడిచిపెట్టిన ప్రశ్న మిగిలి ఉంది. ఇవాళ మనస్సు బాగులేదని రోగి చెప్పగలుగుతున్నాడు. నిన్న కలతగా ఉంది, నేడు తేలికగా ఉంది అని పోల్చి చెప్పగలుగుతున్నాడు. కలతనూ తేలికదనాన్నీ రెండింటినీ ఎరిగినవాడు ఆ రెండింటికీ భిన్నుడు కావాలి. దృశ్యం కంటె ద్రష్ట వేరు. మనస్సు కూడా దృశ్యమే కనుక దానికీ ఒక సాక్షి ఉన్నాడు. ప్రయోగశాల కొలిచేదంతా దృశ్యపక్షంలోనే ఉంటుంది. కొలిచేవాని చైతన్యం కొలతకు అందదు. ఇది శాస్త్రానికి లోపం కాదు, దాని పరిధి.

కురుక్షేత్రంలో అర్జునుడు విల్లు జారవిడిచి, నోరెండి, శరీరం వణకి, నిలువలేక రథంలో కూలబడ్డాడు. భగవానుడు అతనిని ఉన్మత్తుడని వెక్కిరించి విడిచిపెట్టలేదు. రథాన్ని ఆపి, అతడు చెప్పుకొన్నదంతా విన్నాడు. పిమ్మట ఆత్మస్వరూపాన్ని చెప్పాడు. మనస్సు వాయువువలె పట్టరానిదని ఆరవ అధ్యాయంలో అర్జునుడు మొరపెట్టుకొంటే, అది నిజమేనని ఒప్పుకొని, అభ్యాసవైరాగ్యాలతో వశమౌతుందని ధైర్యం చెప్పాడు. మనస్సు కలతపడినవాడు ఇంటిలో ఉంటే బంధువులకు కర్తవ్యం ఏమిటో ఆ రథంలోనే చూపబడింది. వెక్కిరింపరాదు, దాచిపెట్టరాదు. ముందు వినాలి, తగిన వైద్యం చేయించాలి, పక్కన కూర్చొని ధైర్యం చెప్పాలి. ‘సైకో’ అనే మాట నోటికి వచ్చినప్పుడు దాని తొలి అర్థం ఊపిరి అని జ్ఞాపకం చేసికొంటే ఆ మాట నోటనే ఆగిపోతుంది.